రేపటి గమ్యము – నేటి పాఠము

పదవ తరగతిలో విద్యుత్తును గూర్చిన పాఠము జరుగుచున్నది. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఓమ్ నియమమును వ్రాసినాడు. మొదటి బల్లపై కూర్చున్న బాలిక దానిని వేగముగా పుస్తకములోనికి ఎక్కించుకొన్నది. సోమవారము పరీక్ష కలదు. మధ్య వరుసలోని బాలుని తండ్రి నీటి మోటార్లకు తీగ చుట్టు పనివాడు. దుకాణములో సన్నని తీగ ఏల వేడెక్కి మాడిపోవునో ఈ బాలునికి ఇప్పుడిప్పుడే బోధపడుచున్నది. చివరి వరుసలోని మూడవవాడు కిటికీలోనుండి బయటకు చూచుచున్నాడు. ఈ యేడు గడిచినచో వాని చదువు ముగియునని ఇంటిలో ఎన్నడో నిశ్చయమైనది.

గురువు ఒక్కడే, పాఠము ఒక్కటే. కాని ముగ్గురు నేర్చినది ఒక్కటి కాదు. మొదటి బాలిక నేర్చినది పరీక్ష దాటువరకు నిలుచును. రెండవ బాలుడు నేర్చినది వాని చేతిపనితో కలిసిపోయి చిరకాలము నిలుచును. మూడవవానిని సామాన్యముగా సోమరి అందురు. వానికి బుద్ధి లేదనియు, పట్టుదల లేదనియు ఉపాధ్యాయుల గదిలో చెప్పుకొందురు. ఈ తీర్పు న్యాయమైనదేనా? విద్యార్థి రేపటిని గూర్చి ఏమి తలచుచున్నాడో, ఆ తలపు నేటి చదువును ఎట్లు నడిపించునో మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎనుబది యేండ్లకు పైగా పరిశీలించుచున్నారు. వేరు వేరు దేశములలో, వేరు వేరు ఆచారములుగల జనులలో జరిగిన ఆ పరిశోధనలను చూచిన పిదప ఈ తీర్పు చెప్పుట అంత సులభము కాదు.

భవిష్యద్దృష్టి

బెర్లిన్ విశ్వవిద్యాలయములో పనిచేసి, 1933లో అమెరికాకు వలసపోయిన కుర్ట్ లెవిన్ (1890–1947) ఈ విచారణకు దారి చూపినవారిలో ముఖ్యుడు. మనిషి నడవడి ఇప్పటి పరిస్థితిని బట్టియే ఉండదనియు, గడచినదానిని గూర్చి, రాబోవుదానిని గూర్చి అతనికిగల భావన కూడ ఇప్పటి నడవడిని మలచుననియు 1942లో ప్రకటించిన వ్యాసములో ఆయన వివరించెను. తరువాత బెల్జియములోని లూవెన్ విశ్వవిద్యాలయములో జోసెఫ్ నుట్టిన్ (1909–1988) ఈ భావమును పెంచెను. ఆయన మతమున, మనిషిలోని అవసరము ముందుగా ఒక లక్ష్యముగా రూపొందును. ఆ లక్ష్యము నుండి దానిని చేరుటకు కావలసిన పనుల వరుస ఏర్పడును. చాల దూరము వరకు ఇట్టి వరుసను చూడగల శక్తినే భవిష్యద్దృష్టి అనవచ్చును.

నుట్టిన్ శిష్యుడైన విల్లీ లెన్స్, ది వోల్డర్ అను మరియొకరితో కలిసి, 1982లో బెల్జియము ఉన్నత పాఠశాలల బాలురపై జరిపిన పరిశీలనను ప్రకటించెను. చదువులో ముందున్నవారిలోను, పట్టుదలతో చదువువారిలోను రెండు గుణములు కలిసి కానవచ్చినవి. ఒకటి, దూరముననున్న లక్ష్యమునకు వారు ఎక్కువ విలువ నిత్తురు. రెండు, నేటి చదువు ఆ లక్ష్యమునకు నిజముగా పనికివచ్చునని వారు నమ్ముదురు.

ఈ రెంటికిని గల సంబంధమును లెక్కల భాషలో చెప్పినచో, అది కూడిక కాదు, గుణకారము వంటిది. లక్ష్యము మీది మక్కువ ఎంత అధికమైనను, నేటి పాఠము దానికి పనికివచ్చునను నమ్మకము సున్న అయినచో లబ్ధము సున్నయే. “నేను వైద్యుడ నగుదును” అని ఉత్సాహముతో చెప్పు బాలుడు జీవశాస్త్ర పుస్తకమును తెరవకుండుటలో వింత ఏమియు లేదు. వానికి కోరిక కలదు. కోరికకును పుస్తకమునకును నడుమ వంతెన లేదు.

దూరపు దీపము, దగ్గరి మెట్లు

దీపమునుండి దూరమైన కొలది వెలుతురు తగ్గును. లక్ష్యము సంగతియు అట్టిదే. పదునైదేండ్లవానికి పది సంవత్సరముల తరువాతి ఉద్యోగము మసకగా కనిపించును. సాయంత్రపు ఆట స్పష్టముగా కనిపించును. గనుక దూరపు లక్ష్యమును చూపి ఊరకుండిన చాలదు. నడుమ మెట్లు కట్టవలెను.

హేజెల్ మార్కస్, పౌలా న్యూరియస్ అను అమెరికా శాస్త్రజ్ఞురాండ్రు 1986లో ఒక భావమును ప్రతిపాదించిరి. ప్రతి మనిషి మనసులోను “కాబోవు నేను” అను బొమ్మలు ఉండును. కొన్ని ఆశించు బొమ్మలు, కొన్ని భయపడు బొమ్మలు. డాఫ్నా ఓయిసర్‌మన్ అను పరిశోధకురాలు, ఆమె సహచరులు డెట్రాయిట్ నగరములోని పేద కుటుంబముల పిల్లలతో దీనిని పరీక్షించి, 2006లో ఫలితములను ప్రకటించిరి. పెద్దవారైన తరువాత తాము ఎట్లుండగోరుచున్నారో పిల్లలు చిత్రములతో చూపిరి. అచ్చటికి పోవు దారిని కాలరేఖగా గీచిరి. దారిలో రాగల అడ్డంకులను కూడ అందులో గుర్తించిరి. కష్టము ఎదురగుట దారి తప్పిన గుర్తు కాదనియు, ముఖ్యమైన ప్రతి పనికి అది సహజమనియు చర్చించిరి. కొన్ని వారములు మాత్రమే సాగిన ఈ పాఠముల తరువాత ఆ పిల్లల హాజరు, మార్కులు తక్కిన పిల్లలకంటె మెరుగుపడినవి; రెండేండ్ల వరకు ఆ తేడా కానవచ్చినది. ఇందులో పిల్లలకు క్రొత్త కలలను ఎవరును ఇయ్యలేదు. ఉన్న కలకు మెట్లు చూపిరి, అంతియే.

ఓర్పు పుట్టుక గుణమా?

రేపటి ఫలముకొరకు నేటి సుఖమును ఆపుకొను శక్తిని ఓర్పు అందుము. కొన్ని జాతులవారికి ఇది ఎక్కువ, కొన్ని జాతులవారికి తక్కువ అను మాట చాల దేశములలో వినవచ్చును. వాల్టర్ మిషెల్ అను శాస్త్రజ్ఞుడు 1950ల నడుమ ట్రినిడాడ్ దీవికి వెళ్ళినపుడు ఇట్టి మాటలనే వినెను. అచ్చట ఆఫ్రికా సంతతివారును, భారత సంతతివారును ఇరుగుపొరుగున నివసించుచుండిరి. ఒకరినిగూర్చి ఒకరు ఇట్టి నిందలు చెప్పుకొనుచుండిరి. మిషెల్ బడి పిల్లలను పరీక్షించెను. ఇప్పుడే చిన్న మిఠాయి కావలెనా, వారము తరువాత పెద్ద మిఠాయి కావలెనా అని అడిగెను. 1958లో ప్రకటించిన ఫలితములలో రెండు వర్గములకును తేడా కనిపించిన మాట నిజమే. కాని లోతుగా చూడగా, తండ్రి ఇంట లేని పిల్లలు వెంటనే పొందుటకు ఎక్కువ మొగ్గు చూపిరని తేలెను. జాతి కారణమని తోచినచోట కుటుంబ పరిస్థితి కనిపించెను.

తరువాత మిషెల్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో చేసిన ప్రయోగములు లోకప్రసిద్ధములైనవి. ఒక మెత్తని మిఠాయిని బిడ్డ ముందుంచి, పెద్దవారు తిరిగివచ్చువరకు తినకుండిన యెడల రెండు ఇచ్చెదమని చెప్పుదురు. ఓర్చుకొన్న పిల్లలు పెద్దవారైన పిదప చదువులో ముందున్నారని 1990లో ప్రకటించిరి. ఓర్పే విజయమునకు మూలమని చాలమంది దీనినుండి సిద్ధాంతము చేసిరి. కాని సుమారు 900 మంది పిల్లల వివరములతో మరల జరిపిన పరిశీలన 2018లో వెలువడినది. అందులో ఆ సంబంధము చాల బలహీనముగా కనిపించినది. కుటుంబపు స్థితిగతులను లెక్కలోనికి తీసికొనగా అది మరింత తగ్గినది.

రాచెస్టర్ విశ్వవిద్యాలయములో 2013లో ప్రకటింపబడిన మరియొక ప్రయోగము చిన్నదే; 28 మంది పిల్లలు మాత్రమే. అయినను అది తెలిపిన విషయము పెద్దది. మిఠాయి పరీక్షకు ముందు, “మంచి రంగులు తెచ్చెదను, ఆగుము” అని పెద్దవారు పిల్లలకు చెప్పిరి. సగము మంది విషయములో మాట నిలుపుకొనిరి. తక్కినవారి విషయములో ఉత్త చేతులతో తిరిగివచ్చిరి. తరువాత మిఠాయి పెట్టగా, మాట నిలిచిన పిల్లలు సగటున 12 నిమిషములు ఆగిరి. మాట తప్పబడిన పిల్లలు 3 నిమిషములు మాత్రమే ఆగిరి. ఓర్పు బిడ్డలో మాత్రమే లేదు. పెద్దల మాటపై బిడ్డకుగల నమ్మకములో కూడ కలదు. మాట తప్పు లోకములో వేచియుండువాడు తెలివిగలవాడు కాడు.

ఆచారములు కూడ ఇందు పనిచేయును. ఆఫ్రికాలోని కామెరూన్ దేశములో న్సో అను వ్యవసాయ జనులు కలరు. నాలుగేండ్ల న్సో పిల్లలను, జర్మనీలోని మధ్యతరగతి పిల్లలను ఇదే పద్ధతిలో పోల్చిన పరిశోధన 2018లో వెలువడినది. న్సో పిల్లలకు నూనెలో వేయించిన స్థానికపు తీపి వంటకమును పెట్టిరి. వారిలో సుమారు 70 శాతము మంది కడవరకు ఆగిరి. జర్మను పిల్లలలో 30 శాతము మందియైనను ఆగలేదు. పెద్దల మాటను గౌరవించుట, కోరికను బయట పెట్టకుండుట న్సో తల్లులు పసితనమునుండియే నేర్పుదురు. పేద దేశముల పిల్లలకు ముందుచూపు లేదను అపోహను ఈ ఒక్క ప్రయోగము చాలవరకు తొలగించును.

ఎవరి లక్ష్యము?

లక్ష్యము విద్యార్థి స్వంతమైనదిగా ఉండవలెనని పాశ్చాత్య గ్రంథములు చెప్పుచుండును. తల్లిదండ్రులు నిర్ణయించిన లక్ష్యము ప్రేరణను చంపునని కూడ చెప్పుదురు. ఇది అన్ని చోట్ల నిజమేనా?

షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 1999లో ప్రకటించిన ప్రయోగము ఈ ప్రశ్నకు జవాబు చెప్పును. అమెరికాలోని ఏడు మొదలు తొమ్మిదేండ్ల పిల్లలకు, కలగలిపిన అక్షరములను సరిచేసి మాటలు కూర్చు పని ఇచ్చిరి. కొందరు తమకు నచ్చిన పనిని తామే ఎన్నుకొనిరి. కొందరికి పరీక్షకురాలు ఎన్నుకొనెను. కొందరికి “మీ అమ్మ నీకొరకు దీనిని ఎన్నుకొన్నది” అని చెప్పిరి. ఐరోపా సంతతి పిల్లలు తాము ఎన్నుకొన్నపుడే బాగుగా చేసిరి. చైనా, జపాను సంతతి పిల్లలు తల్లి ఎన్నుకొన్నదని విన్నపుడు అందరికంటె బాగుగా చేసిరి. కాని పరాయి వ్యక్తి నిర్ణయించినపుడు ఇరువర్గములును వెనుకబడిరి.

“నాది” అను మాటకు ఎల్లెడల ఒకే హద్దు లేదని దీనివలన తెలియుచున్నది. కొన్ని సమాజములలో “నేను” అనగా ఒక్క మనిషి. కొన్ని సమాజములలో తల్లి, తండ్రి, తోబుట్టువులు కూడ అందులో చేరుదురు. “చెల్లెలి చదువు నా ఉద్యోగముపై ఆధారపడియున్నది” అని చదువు బాలుడు పరాయి లక్ష్యమునకు బానిస కాడు. అది వాని స్వంత లక్ష్యమే. అయితే ఇంటివారి కోరికకును, ఇంటివారి బెదిరింపునకును భేదము కలదు. నెదర్లాండ్సులో టర్కీ, మొరాకోలనుండి వలసవచ్చిన కుటుంబముల పిల్లలను, డచ్చి పిల్లలను పరిశీలించి ఆండ్రీసెన్, ఫాలెట్, లెన్స్ 2006లో ఫలితములను ప్రకటించిరి. మనసు అంగీకరించిన లక్ష్యమునకు పాఠము తోడ్పడునని నమ్మినపుడే చదువుపై మక్కువ, మంచి చదువు పద్ధతి పెరిగినవి. వలసవచ్చినవారికిని, స్థానికులకును ఈ సూత్రము సమానముగానే వర్తించెను.

లక్ష్యపు స్వభావము కూడ ముఖ్యమే. బెల్జియములో శిశువిద్యా ఉపాధ్యాయినులు కాదలచిన విద్యార్థినులకు, వాడిన వస్తువులను మరల ఉపయోగించుటను గూర్చి ఒక పాఠము చదువనిచ్చిరి. ఇది నేర్చినచో సంఘమునకు మేలు చేయవచ్చునని కొందరికిని, డబ్బు మిగులునని కొందరికిని చెప్పిరి. 2004లో ప్రకటించిన ఫలితములనుబట్టి, మొదటివారు పాఠమును లోతుగా చదివి, పరీక్షలో మెరుగుగా వ్రాసిరి. “నేర్చి తీరవలెను” అను ధోరణికంటె “నేర్చుకొనవచ్చును” అను ధోరణి మేలైన ఫలితము నిచ్చెను.

దారి తెరచియున్నదా?

లక్ష్యము స్వంతమైనదై, మెట్లు కనిపించినను, చివరనున్న తలుపు మూసియున్నదని తోచినచో ఎవరును మెట్లెక్కరు. నైజీరియాలో పుట్టి కాలిఫోర్నియాలో ఆచార్యుడైన జాన్ ఓగ్బు (1939–2003) ఈ విషయమును ఎత్తిచూపెను. కాలిఫోర్నియాలోని స్టాక్టన్ నగరపు పేదల వాడను పరిశీలించి ఆయన 1974లో ఒక గ్రంథము ప్రకటించెను. చదివినను తగిన ఉద్యోగములు రాని పెద్దలను చూచుచు పెరిగిన పిల్లలు చదువుపై శ్రమను తగ్గించుకొందురని ఆయన వాదము. ఆయన తరువాతి సిద్ధాంతములలో కొన్నింటిని పలువురు ఖండించిరి. నల్లజాతి విద్యార్థులు చదువును ఇతరులంతగానే గౌరవింతురని చూపిరి. కాని పిల్లలు పుస్తకములనే కాక తమ వీధిని కూడ చదువుదురను మాటకు ఇతర దేశములనుండి బలము చేకూరినది.

డొమినికన్ రిపబ్లిక్ దేశములో ఎనిమిదవ తరగతి బాలురు, ఉన్నత పాఠశాల చదువు ముగించినవారి సంపాదనను నిజముకంటె చాల తక్కువగా తలచుచుండిరి. రాబర్ట్ జెన్‌సెన్ అను ఆర్థిక శాస్త్రజ్ఞుడు కొన్ని పాఠశాలల బాలురకు నిజమైన అంకెలను చెప్పించెను. తరువాతి నాలుగేండ్లలో వారు తక్కినవారికంటె సగటున 0.20 నుండి 0.35 సంవత్సరము ఎక్కువ చదివిరని 2010లో ఆయన ప్రకటించెను. అయితే మిక్కిలి పేద కుటుంబములలో ఈ ఫలితము అంతగా కనిపించలేదు. దారి తెలిసినను, దారి ఖర్చు లేనివాడు నడువజాలడు కదా.

మన దేశపు ఉదాహరణ ఇంకను స్పష్టమైనది. 1993లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగ సవరణనుబట్టి గ్రామ పంచాయతీల అధ్యక్ష పదవులలో మూడవ వంతు స్త్రీలకు కేటాయింపబడినది. ఏ గ్రామమునకు ఎప్పుడు ఆ వంతు వచ్చునో చీటీ వేసినట్లు నిర్ణయమగుటచే, ఇది సహజముగా ఏర్పడిన ప్రయోగశాల వంటిదైనది. పశ్చిమ బెంగాలులోని బీర్భూం జిల్లాలో 495 గ్రామములకు చెందిన బాలబాలికలను, వారి తల్లిదండ్రులను పరిశీలించి లోరీ బీమన్, ఎస్తేర్ డుఫ్లో, రోహిణీ పాండే, పెటియా టోపలోవా 2012లో ఫలితములను ప్రకటించిరి. రెండు పర్యాయములు స్త్రీ నాయకత్వము చూచిన గ్రామములలో, ఆశయముల విషయమున బాలురకును బాలికలకును గల అంతరము పిల్లలలో 32 శాతము తగ్గినది, తల్లిదండ్రులలో కూడ తగ్గినది. చదువులోని అంతరము పూర్తిగా మాసిపోయినది. ఆ గ్రామములలో స్త్రీలకు క్రొత్త ఉద్యోగములేమియు రాలేదు. పంచాయతీ కుర్చీలో ఒక స్త్రీ కూర్చుండగా బాలికలు చూచిరి; వారి తండ్రులును చూచిరి.

తెలుగునాట

బాల్యములో పేదరికమును గూర్చి నాలుగు దేశములలో సాగిన “యంగ్ లైవ్స్” పరిశోధన 2002లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనది. రాష్ట్రము 2014లో విడిపోయిన తరువాత ఆంధ్ర, తెలంగాణ రెండింటిలోను సాగినది. తక్కిన దేశములు ఇథియోపియా, పెరూ, వియత్నాం. ఇచ్చట సుమారు 3,000 మంది పిల్లలను పసితనమునుండి, లేదా ఎనిమిదేండ్ల వయసునుండి పరిశీలించుచు, పెద్దవారైన పిదప ఏమి చదువగోరుచున్నారో, ఏ పని చేయగోరుచున్నారో మాటిమాటికి అడిగిరి. పేద ఇండ్ల పిల్లలలో కూడ ఉన్నత విద్యపై కోరిక బలముగా ఉన్నట్లు తేలినది. కాని వయసు పెరిగినకొలది కొందరి ఆశ క్రుంగినది. బాలికలలోను, పేదలలోను ఈ క్రుంగుబాటు హెచ్చు.

మొదట చెప్పిన మూడవ బాలుని గూర్చి ఇప్పుడు మరల ఆలోచింపవలెను. వాడు పుట్టుకతో కోరిక లేనివాడు కాడు. ఐదవ తరగతిలో అడిగియుండినచో వాడును ఏదో ఒక కల చెప్పియుండును. నడుమ ఏ మెట్టు విరిగినదో తెలిసికొనక వానిని సోమరి అనుట, గొట్టము పగిలినచోట వెదకక కుళాయిని నిందించుట వంటిది.

గమ్యము కలదా? అది వాని మనసు అంగీకరించినదేనా? మెట్లు కనిపించుచున్నవా? చివరి తలుపు తెరచియున్నదని నమ్మకము కలదా? ఉపాధ్యాయుడు ప్రతి విద్యార్థి విషయములోను ఈ నాలుగింటిని విచారింపవచ్చును. ఏది లోపించినదో దానినిబట్టి చేయవలసిన పని మారును. మెట్లు తెలియనివానికి పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, ఇంటర్మీడియట్ అను దారులను, వాటి ప్రవేశములను, ఉపకార వేతనములను కాగితముపై గీచి చూపవలెను. ఇంజనీరు, వైద్యుడు అను రెండు తలుపులు తప్ప వేరు తలుపులు తెలియనివానికి తక్కినవానిని చూపవలెను. నమ్మకము లేనివానికి ఉపన్యాసములు చాలవు. అదే ఊరినుండి, అట్టి ఇంటినుండి చదువుకొని పైకివచ్చిన ఒకరిని తరగతికి పిలిపింపవలెను. ఇంటివారి నిర్ణయము అడ్డుగా ఉన్నచోట తల్లిదండ్రులతో మాటలాడవలెను. బిడ్డ లక్ష్యము వారి లక్ష్యముకూడ కాగలదు. ఖర్చే అడ్డమైనచోట ప్రోత్సాహపు మాటలు కడుపు నింపవు. అచ్చట సహాయము కావలెను.

వీటన్నిటికంటె ముందు చేయవలసినది ఒకటి కలదు. సోమవారము దిద్దిన కాగితములను తెచ్చెదనని చెప్పిన ఉపాధ్యాయుడు సోమవారమే తేవలెను. వెనుకబడినవారికి సాయంత్రము మరల చెప్పెదనన్నచో ఆ సాయంత్రము ఉండవలెను. పెద్దల మాట నిలుచునని తరగతిలో ప్రతి దినము చూచిన విద్యార్థియే, పదేండ్ల తరువాతి ఫలమును నమ్మి నేడు పుస్తకము తెరువగలడు.